ఇలులా తవుడు సంగ్రామము

ఆకర్ణింపుడు, భోజనానంతరము నడుముపట్టీ వదులు చేసికొని చేరగిలబడిన సజ్జనులారా! జూలై మాసమున, పీఠభూమిపై నుండి దిగివచ్చు శీతగాలులకు మేకలు సైతము గోడవార నొదిగి నిలుచు వేళ, మొక్కజొన్న కోతలు ముగిసి, గాదెలు నిండి, ప్రతి వాకిటను ఒలిచిన కండెలు గుట్టలుగా పడియుండగా, వెదురుకల్లు త్రాగిన వృద్ధులు లేని యుద్ధములను తలచుకొని తొడలు చరచుకొను ఇరింగా మహామండలమున, ఇలులా అను పురమున జరిగిన ఘోర సంగ్రామమును చెప్పబోవుచున్నాను.

ఓ తవుడుతల్లీ! ధాన్యగర్భ రక్షా కవచమా! కోళ్ళ గంపల పాలై, పందుల తొట్ల పాలై, పెద్దమనుషుల కంచమున చోటు దొరకక పడియున్న పరమసాధ్వీ! నీ కథ చెప్పుటకు నా నాలుకకు కాసింత గరుకుదనము ప్రసాదింపుము.

ఆ ఇలులా పురమున, ప్రాథమిక పాఠశాలయందు ముప్పది వత్సరములుగా ఎక్కములు చెప్పుచున్న ఎరాస్తో కికోటి మాష్టారు అను మహారథుడు కలడు. హేహే కులసంజాతుడు, సుద్దముక్కాయుధధరుడు, గుణకార భాగహార విశారదుడు, తొంబదియేడు కిలోల ఘనశరీరుడు. ఆయన ఉదరము ఆయనకంటె అరక్షణము ముందుగా తరగతిలో ప్రవేశించును. పిల్లలు ఉదరమును చూచి లేచి నిలుచుండి, ముఖము వచ్చిన పిమ్మట నమస్కరింతురు.

ఇట్టి మహావీరునకు ఒక భీషణ ప్రతిజ్ఞ కలదు. ఆయన వంశమున అక్షరము నేర్చిన మొదటివాడు ఆయనయే. తండ్రి మేకలనమ్మి చేర్పించిన బోర్డింగు పాఠశాలలో నాలుగు వత్సరములు, రెండుపూటలు, పొట్టు తీయని మొక్కజొన్నను పురుగులతో సహా విసరిన గోధుమవన్నె పిండితో, అనగా దోనతో, కెలికిన ఉగాలి ముద్దనే భుజించెను. ఏ పురుగు ఏ మూలనున్నదో చూడకయే చెప్పగల విద్య ఆయనకు అచ్చటనే అబ్బెను. చదువు ముగిసిన దినమున, పదునారేండ్ల ఆ కుర్రవాడు పాఠశాల గేటు వెలుపల నిలిచి, సొట్టలుపడిన రేకు కంచమును ఆకాశమునకెత్తి, “నా కంఠమున ప్రాణమున్నంతవరకు దోన నా పెదవిని తాకకుండుగాక!” యని గర్జించెను. నాటినుండి ఆయన ఇంట పొట్టు తీసిన తెల్లని సెంబె పిండి తప్ప వేరొకటి ఉడికినది లేదు. తండ్రి కాలమున అతిథి వచ్చిన దినమున మాత్రమే కనిపించిన ఆ తెలుపు, ఆయనకు వట్టి పిండి గాదు. గోడకు వ్రేలాడు పట్టాకు జంటయైన పట్టా.

అట్టి తెల్లని సౌభాగ్యముపై ఒకనాటి ఉదయమున పిడుగు పడెను.

ఆ పిడుగు పేరు ఒడీలియా. ఊరి ఆసుపత్రిలో నర్సు, మాష్టారి పూర్వశిష్యురాలు. వ్రేలు గుచ్చి, రక్తబిందువును తీసి, తూకపు బల్లనెక్కించి, కాగితముపై ఏదియో వ్రాసి, ఆమె తలయెత్తెను.

“మాష్టారూ, షుగరు గీత మీద నిలబడి ఉంది. ఇంకా అవతలికి అడుగు పెట్టలేదు. మూడు నెలలు టైమిస్తా. తగ్గకపోతే మాత్రలు మొదలెడదాం. ఈలోగా తెల్లపిండి మానేసి దోన తినండి. బీన్సు గింజలు, గుమ్మడాకు కూర, పొద్దున్నే నడక.”

“దోనా? అది బడిపిల్లల తిండి కదమ్మా ఒడీలియా!”

“తెలుసు సార్. నాలుగో క్లాసులో నేను దోన పారబోస్తే మీరే నా చెవి పట్టుకుని, ‘దోనలో బలముందే, తిను’ అన్నారు. తర్వాత నేను స్టాఫ్‌రూం కిటికీలోంచి తొంగిచూశా. మీ కంచంలో పత్తిలాంటి సెంబె ఉంది.”

మహారథుడు నేలచూపులు చూచెను.

“పొట్టులో పీచుంటుంది సార్. కడుపు తొందరగా నింపుతుంది, ఆలస్యంగా ఖాళీ చేస్తుంది. చక్కెర రక్తంలోకి పరిగెత్తకుండా నడుచుకుంటూ వస్తుంది. మంత్రమేం కాదు, కాస్త సాయం. మీరేమో ఆ పొట్టంతా కోళ్ళకేస్తున్నారు. మీ కోళ్ళకి షుగరు లేదు, చూశారా?”

ఇంకొకరు చెప్పినచో మాష్టారు నవ్వి ఊరకుండెడివాడే. కాని ఆయన అన్న జబులోని, ఇదే వ్యాధిని లెక్కచేయక రెండు కన్నులును కోల్పోయి, వాకిట బల్లపై కూర్చుండి, వచ్చువారిని అడుగుల చప్పుడునుబట్టి గుర్తించుచుండును. ప్రతి ఆదివారము తమ్ముడు పోయి ఆయనకు వార్తాపత్రిక చదివి వినిపించును. గడచిన ఆదివారమే ఆ అన్న, “నీ అడుగులు బరువెక్కుతున్నాయిరా తమ్ముడూ, జాగ్రత్త” అనియుండెను. ఆ మాట ఆసుపత్రి మెట్లు దిగుచున్న మాష్టారి చెవిలో మరల మ్రోగెను. ప్రతిజ్ఞాభంగమా, నేత్రభంగమా? మెట్లు మూడే గనుక ఆలోచన త్వరగా తెగెను. దోనయే తినవలెను!

కాని దోన తినవలెనన్నచో ముందు దోన ఆడింపవలెను. దోన ఆడింపవలెనన్నచో కొస్మాస్ మపుండాను జయింపవలెను.

ఎవడీ మపుండా? ఇలులా పిండిమరకు అధిపతి; శిరస్సు మొదలు పాదమువరకు పిండి పూసికొన్న శ్వేతవర్ణుడు; కుడివైపున పొట్టుతీయు యంత్రమును, ఎడమవైపున విసరు యంత్రమును కలిగి, రెంటి నడుమ రణభేరీరవమున మాటలాడి మాటలాడి గొంతు పెంచుకొన్నవాడు. జాతిచేత న్గోనీ. హేహేలును న్గోనీలును పూర్వమొకప్పుడు ఈటెలతో పొడుచుకొన్నవారు. పిమ్మట, ఇక మాటలతోనే పొడుచుకొందమని ఒప్పుకొన్నవారు. ఆ వరసను ఉతాని అందురు. ఆ వరసవాడు నీ టోపీ ఎత్తుకపోయినను, నీ తాతను తిట్టినను, నీకు కోపము రారాదు. వచ్చినచో తప్పు నీదే. నీవు చచ్చిననాడు మాత్రము గొయ్యి త్రవ్వుటకు, పాడె మోయుటకు మొదట పరుగెత్తి రావలసినవాడు వాడే. ఆ వరసనుబట్టి మాష్టారును మపుండాయును ఇరువది యేండ్లుగా “బావా” యని పిలుచుకొనుచు, ఒక్క నిజమైన మాటయైనను చెప్పుకొనక సుఖముగా కాలక్షేపము చేయుచుండిరి.

అదియే కొంప ముంచెను.

మొదటి దండయాత్రయందు మాష్టారు డబ్బాడు మొక్కజొన్న దింపి, “బావా, పొట్టు తియ్యకు. ఉన్నదున్నట్టు దోన ఆడించు” అనెను.

మపుండా చేటను క్రింద విడిచెను. “ఏంటి బావా, జైలుకూడు అడుగుతున్నావు, శిక్ష పడిందా? మీ హేహేల్లో దొంగ ఎవరో తేలిందన్నమాట!”

వరుసలో నిలిచిన స్త్రీలు బకెట్లపై పడి నవ్విరి. “లేదు, నిజంగానే” అని మాష్టారు గంభీరముగా పలికినకొలది మపుండా కడుపు పట్టుకొనెను. ఇంతటి పెద్దమనిషి నోట దోన యను మాట వచ్చుట పరిహాసముగాక మరేమి? ఉతాని బంధువు పరిహాసమాడినచో దానికి మర్యాదగా బదులియ్యవలెను గదా! అందుచే ఆ స్నేహశీలి, ఒకసారి తీయవలసిన పొట్టును రెండుసార్లు తీసి, మంచువంటి పిండి ఆడించి, పైగా నెత్తిన పెట్టి పంపెను.

ఇల్లాలు మామా ఫరాజా, అనగా ఫరాజా తల్లి, మూట విప్పి మురిసిపోయెను. “ఈసారి పిండి ఎంత తెల్లగా ఉందో! మపుండా బంగారం.”

ఆహారము పారవేయరాదని జీవితమంతయు పిల్లలకు బోధించినవాడు గావున మాష్టారు ఆ డబ్బాను ముగించెను. మూడు వారములు గతించెను.

రెండవ దండయాత్రకు ఆయన ఒడీలియా చేతివ్రాతయు ఆసుపత్రి ముద్రయుగల కాగితమును ఆయుధముగా ధరించి వెడలెను. పిండిమర గడపపై నిలిచి, ఎడమచేత కాగితమును, కుడిచేత డబ్బా చెవిని పట్టి, పాఠశాల వార్షికోత్సవ కంఠముతో నిట్లు పలికెను:

“ఓ మపుండా వంశ దుగ్ధాబ్ధి చంద్రమా! విసురు యంత్ర విద్యా విశారదా! ఈ ధాన్యరాశి యొక్క బాహ్యావరణమునందు ప్రకృతిమాత నిక్షిప్తము చేసిన పీచుపదార్థమును నీ క్రూరయంత్ర దంష్ట్రల పాలు చేయక, యథాతథముగా, నిశ్శేషముగా, నిర్దయగా నాకే ప్రసాదింపుమని వైద్యశాస్త్ర ప్రమాణముతో ఆజ్ఞాపించుచున్నాను!”

పిమ్మట మపుండా నేలపై కూలబడి, నవ్వు చేత ఊపిరాడక, పిండి చేతులతో కన్నీళ్ళు తుడుచుకొనగా ముఖమంతయు ముద్దయయ్యెను. “ముద్ర కూడా వేయించావా బావా! ఇరవై ఏళ్ళలో ఇంత మంచి జోకు వెయ్యలేదు నువ్వు!” అని ఆ కాగితమును గోడకు మేకుతో కొట్టి, వచ్చినవారికెల్ల చూపించుచు, మొక్కజొన్నను పొట్టుతీయు యంత్రమున మూడుసార్లు త్రిప్పెను. ఆ పిండి తెలుపును చూచి మాష్టారు కన్నులు మూసికొనెను.

ఇంకను మూడు వారములు హరించెను. గడువులో సగము మిగిలెను. ఆదివారమున జబులోని వాకిట అడుగుపెట్టుచు మాష్టారు మునివ్రేళ్ళపై నడిచెను. “ఎరాస్తో, ఎందుకురా దొంగలా వస్తున్నావ్?” అని అన్న అడిగెను. తమ్ముడు వార్తాపత్రిక విప్పి గట్టిగా చదువనారంభించెను.

మూడవ దండయాత్ర శనివారమున జరిగెను. వరుసలో పదునలుగురు స్త్రీలు, ఇరువది బకెట్లు. మపుండా పొట్టుతీయు యంత్రమునాపి, గింజలు పోయు తొట్టి అడుగు రేకు మూసి, దానిని తుడుచుచుండెను. అప్పుడు, మాటలచే గెలువలేనివాడు శరీరముచే గెలువవలెనని నిశ్చయించినవాడై, ఏ బరువును వదిలించుకొనుటకు ఈ యుద్ధము ప్రాప్తించెనో ఆ బరువునే బ్రహ్మాస్త్రముగా సంధించి, ఎరాస్తో కికోటి మాష్టారు యంత్రము ప్రక్క మెట్లుగా పేర్చిన మూటలపై ఒక్కొక్క పాదము మోపుచు, క్రింది మూటలు మూలుగుచుండగా, స్త్రీలు “అయ్యో, అయ్యో” యనుచుండగా పైకెక్కి, వెనుదిరిగి, పంట్లాము వెనుకభాగమును దులుపుకొని, పొట్టుతీయు యంత్రముయొక్క విశాలవదనమున, సీసామూతికి బిరడావలె, సంపూర్ణముగా, నిస్సందేహముగా, ఆసీనుడయ్యెను.

“దిగు బావా” అనెను మపుండా.

“దిగను.”

కోపించుటకు వీలులేదు. ఉతాని! మపుండా పండ్లికిలించి నవ్వుచు, ముందుగా మాష్టారి టోపీ లాగి తాను పెట్టుకొనెను. మాష్టారు కదలలేదు. కుడికాలి బూటు లాగి అటకపైకి విసరెను. కదలలేదు. కోడి ఈకతో అరికాలు గిలిగింతలు పెట్టెను. మాష్టారి ఉదరము భూకంపమువలె అదరెను గాని ఆసనము మాత్రము చలింపలేదు. చివరకు మపుండా చేటెడు గింజలనెత్తి ఆయన చుట్టును కుమ్మరించెను. గింజలన్నియు తొడలపై, ఒడిలో, నేలపై పడెనే గాని, ఒక్కటియైనను, ఒకే యొక్కటియైనను, తొట్టిలోనికి జారుటకు సందు దొరకలేదు.

“మాష్టారూ, అది కుర్చీ అనుకున్నారా?” అని వరుస ముందున్న సెమేని అరచెను. ఆమె నలుగురు బిడ్డల తల్లి, నోరు పెద్దది, బకెట్టును పెద్దది. “ఇంట్లో ఎసరు మరిగిపోతోంది! మీ ఇద్దరి సరసాలు తర్వాత ఆడుకోండి!”

“సెమేనీ, నాది దోన ఆడిస్తే ఇప్పుడే లేస్తా.”

“మళ్ళీ అదే జోకా?” అని మపుండా మొదలుపెట్టెను. “బావా, రెండోసారే బాగుంది. మూడోసారికి…”

“మపుండా.”

బావా యని గాక పేరు పెట్టి పిలిచెను. ఇరువది యేండ్లలో అది మొదటిసారి. వార్షికోత్సవ కంఠము లేదు, సమాసములు లేవు.

“జబులోని అన్న కళ్ళు నువ్వు చూశావుగా. అన్నకీ మొదట ఇంతే చెప్పారు, గీత మీద ఉంది అని. నాకింకా నెలన్నరే ఉంది.”

మపుండా నెత్తిమీది టోపీ తీసి, గోడకు కొట్టిన కాగితమువైపు చూచి, దగ్గరకు పోయి మొదటిసారిగా చదివెను.

“ముందే చెప్పొచ్చుగా!”

“మూడుసార్లు చెప్పాను.”

“చెప్పావు. కానీ నవ్వకుండా చెప్పావు! నువ్వు నవ్వకుండా చెబితే అది పెద్ద జోకని కాదూ నేననుకునేది?” మపుండా టోపీని మాష్టారి తలపై తిరిగి పెట్టి, ఆయనను ఎగాదిగా చూచెను. చూచుచుండగా ఆతని ముఖము పిండికంటెను తెల్లబడెను. “ఆగాగు. నువ్వు పోతే గొయ్యి తవ్వేది నేను. మోసేది నేను. తొంభై ఏడు కిలోలు! కొండ మీద శ్మశానం! నా నడుం సంగతి ఎవడైనా ఆలోచించాడా? సెమేనమ్మా, పక్కకి జరుగు. ముందు మాష్టారి దోన!”

సెమేని జరిగెను. మాష్టారు దిగెను, దిగుటకు ఇద్దరు పట్టవలసివచ్చెను. డబ్బాడు గింజలు ఒక్క తవుడు రేణువునైనను కోల్పోక విసరు యంత్రమునబడి, గోధుమవన్నెతో, మచ్చలు మచ్చలుగా, వేడిగా సంచిలోనికి దుమికెను.

ఇంట రెండవ యుద్ధము వేచియుండెను.

“ఇదేంటి బాబా ఫరాజా, ఇసుక తెచ్చారా?” అని మామా ఫరాజా సంచిలో చేయి పెట్టి వెంటనే తీసివేసెను. “మన ఇంట్లో దోన ఉడికిందని తెలిస్తే మీ జీతం ఆగిపోయిందనుకుంటారు! కిటికీ మూసెయ్యండి.”

కిటికీ మూసిరి. బీన్సు గింజలతోను గుమ్మడాకు కూరతోను దోన ముద్ద కంచమున వెలసెను. ముప్పది యెనిమిది యేండ్ల ప్రతిజ్ఞ బొటనవ్రేలి నొక్కుతో గుంటపడెను. మాష్టారు ముద్ద నోట పెట్టుకొని, కన్నులు మూసి, నమిలెను. ఆ రుచి నాటి రుచియే. ఈ ముప్పది యెనిమిది యేండ్లలో అది ఏమాత్రమును బాగుపడలేదు. అయినను సగము ముద్దకే కడుపు “చాలు” అనెను. ఎన్నడును ఆ మాట ఎరుగని కడుపు అట్లనుట విని మాష్టారు ఎవరో పలికిరని వెనుకకు తిరిగి చూచెను.

సోమవారమున పదిగంటలకు, నూనెలో వేయించిన మాందాజీ బూరెలమ్ము స్త్రీ బడి గేటువద్ద మాష్టారి వాటాను కాగితమున చుట్టి నిలుచుండగా, ఆయన రాలేదు. ఆమె గంట కొట్టువరకు వేచి, ఆయనకు జ్వరము వచ్చెనని ఊరంతయు చాటెను.

విజయపథము నిష్కంటకమని తలపకుడు. మూడవనాడు, పండ్రెండవ ఎక్కము నడుమ, వీరుని ఉదరమున మేఘగర్జనము పుట్టెను. తరగతి తరగతియంతయు లారీ వచ్చెనని కిటికీవైపు చూచెను. సాయంకాలము ఆయన ఆసుపత్రికి పరుగెత్తగా ఒడీలియా నుదురు కొట్టుకొనెను. “ఒకేసారి అంత తింటారా సార్? మెల్లగా పెంచాలి. నీళ్ళు తాగుతున్నారా? పీచుకి నీళ్ళు కావాలి. ఎండిన స్పాంజి మింగినట్టు మింగితే అది లోపల ఏం చేస్తుంది మరి?” అప్పటినుండి నీటిసీసా ఆయన గదాయుధమయ్యెను, ప్రత్యూషమున మంచులో నడక ఆయన దిగ్విజయయాత్రయయ్యెను, కుక్కలు మొదట మొరిగి, పిదప అలవాటుపడి, చివరకు వెంటనడచెను.

గడువు ముగిసిన ఉదయమున ఒడీలియా వ్రేలు గుచ్చి, తూకపు బల్ల చూచి, కాగితమున వ్రాసెను.

“తొంభై నాలుగు. షుగరు గీతకి ఇవతలికొచ్చింది సార్. ఒక్క అడుగే. మాత్రలు ఇప్పుడొద్దు. మళ్ళీ మూడు నెలలకి రండి. ఆపారంటే మీ చెవి పట్టుకుంటా.”

మాష్టారు తిన్నగా పిండిమరకు పోయి ఈ వార్తను ప్రకటించెను. మపుండా పెదవి విరిచెను.

“ఆసుపత్రి తూకం నేను నమ్మను బావా. మోసేవాణ్ణి నేను. నా తూకం ఇక్కడుంది” అని యంత్రమునాపి, అడుగు రేకు మూసి, తొట్టిని చూపెను.

వరుసలోని స్త్రీలు బకెట్లు దింపి చుట్టుముట్టిరి. మాష్టారు మూటల మెట్లెక్కి, తొలి ఆసనమునందే, తొలి భంగిమయందే కూర్చుండెను. మపుండా చేటెడు గింజలనెత్తి ఆయన చుట్టును కుమ్మరించెను. గింజలు తొడలపై పడెను, ఒడిలో పడెను, నేలపై పడెను. అంతట, ఎడమవైపున, తొట్టి లోపలినుండి, రేకుపై చిన్న చప్పుడు. టక్. మరల, టక్. టక్. సెమేని చెవి యొగ్గెను. ఊపిరి బిగబట్టి అందరును లెక్కించిరి. చప్పుళ్ళు ఆగిన పిమ్మట, మపుండా తొట్టిలో చేయి దూర్చి, ఆ గింజలనెత్తి, అరచేత పరచి చూపెను.

“పదకొండు” అనెను. ఆతని కంఠమున ఈసారి పరిహాసము లేదు. ఉన్నను ఎవరికిని తెలియలేదు. “ఇంకో మూడు నెలలకి గుప్పెడు పడాలి బావా. నా నడుము నీ మీదే ఆశ పెట్టుకుంది.”

ఆదివారమున మాష్టారు ఆ గింజలను రుమాలులో ముడివేసికొని అన్న వాకిట అడుగుపెట్టెను. బల్లపైనున్న జబులోని చెవి యొగ్గి, “ఎవరది?” అనెను. పిమ్మట, “నువ్వేనా ఎరాస్తో? నడక ఏదో తేడాగా ఉందే” అనెను. మాష్టారు ఆయన అరచేతిలో రుమాలు విప్పెను. అంధుడు వ్రేలితో ఒక్కొక్క గింజను తాకుచు, ప్రక్కకు జరుపుచు, మొదటినుండి చివరివరకు లెక్కించి, తప్పు జరిగెనేమోయని మరల లెక్కించెను.

“పదకొండు. ఏంటివి?”

“గెలుచుకొచ్చాను అన్నా.”

కావున వినుడు, సజ్జనులారా! ఇలులా తవుడు సంగ్రామమున, మూడు దండయాత్రల పిమ్మట, ఒక టోపీయు ఒక బూటును పరహస్తగతములు కాగా, ముప్పది యెనిమిది యేండ్ల ప్రతిజ్ఞ భగ్నము కాగా, మహారథుడు ఎరాస్తో కికోటి శత్రువునుండి పదకొండు గింజల వెడల్పుగల మహాసామ్రాజ్యమును జయించెను. టోపీ ఆనాడే తిరిగి వచ్చెను. బూటు నేటికిని అటకపైననే యున్నది. దానికై అడుగరాదు, కోపించరాదు. ఉతాని!